రైజ్ (ఆంగ్ల క్రియ)

రైజ్ అనునది ఆంగ్ల భాషలో లేచుట, పైకి పోవుట, పెరుగుట అనే అర్థాలు గల క్రియాపదం. ఇది అకర్మక క్రియ, అనగా దీనికి కర్మ ఉండదు. ఏదైనా తనంతట తాను పైకి వచ్చినపుడు రైజ్ అనీ, మరొకరు దానిని పైకి తెచ్చినపుడు రెయిజ్ అనీ వాడతారు. ఉదయించే సూర్యుడు, నిద్ర లేచే మనిషి, వరద నీరు, సరుకుల ధర, ఎండ వేడిమి, తిరగబడిన ప్రజలు - వీటన్నిటికీ ఆంగ్లంలో ఈ ఒక్క క్రియ సరిపోతుంది. తెలుగులో ఒక్కొక్క సందర్భానికి ఒక్కొక్క క్రియ ఉన్నది. అందువలన ఈ పదం చూడడానికి తేలికగా కనిపించినా, అనువాదంలోను వాక్యరచనలోను తెలుగు విద్యార్థులను తరచు తికమక పెడుతుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా అనంతపురం పీఠభూమికి, అనగా నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలకు చెందినవి. (2022 ఏప్రిల్ వరకు ఇవి రెండూ ఒకే జిల్లాగా ఉండేవి.) రెండు ఋతుపవనాలకూ దూరంగా వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే అతి తక్కువ. భూగర్భజల మట్టం, వేరుశనగ ధర, వేసవి ఉష్ణోగ్రత గురించి ఆంగ్లంలో వెలువడే నివేదికలలో రైజ్ అనే క్రియ తప్పక ఎదురవుతుంది. దానిని సరిగా గ్రహించకపోతే నీరు పెరిగినదో తగ్గినదో కూడా తారుమారయ్యే అవకాశం ఉన్నది.

వ్యుత్పత్తి

రైజ్ ప్రాచీన ఆంగ్లంలోని "రీసన్" అనే క్రియ నుండి వచ్చినది. రెయిజ్ ప్రాచీన నార్స్ భాషలోని "రెయ్‌సా" నుండి, ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా ప్రజల ద్వారా ఆంగ్లంలో ప్రవేశించినది. ఈ రెండింటి మూలం ఒకే జర్మానిక్ ధాతువు. మొదటిది "లేచుట", రెండవది "లేచునట్లు చేయుట". అనగా రెయిజ్ అనేది రైజ్‌కు ప్రేరణార్థక రూపం వంటిది. అదే ధాతువు నుండి ప్రాచీన ఆంగ్లం ద్వారా వచ్చిన మరొక ప్రేరణార్థక రూపం నేడు "రియర్" అనే క్రియగా నిలిచి ఉన్నది. పిల్లలను, పశువులను పెంచుట అనే అర్థంలో దానిని వాడతారు.

తెలుగులో ఇటువంటి జంట లేచు - లేపు. తెలుగు "లేచు", తమిళంలోని "ఎళు", కన్నడంలోని "ఏళు" ఒకే ద్రావిడ ధాతువు నుండి పుట్టినవి. మిగిలిన రెండు భాషలలో అచ్చు మొదట ఉండగా, తెలుగులో వర్ణవ్యత్యయం వలన హల్లు ముందుకు వచ్చి "లే" అయినది. కర్ణాటక సరిహద్దులోని మడకశిర, హిందూపురం, రాయదుర్గం ప్రాంతాలలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి కనుక అక్కడివారికి ఈ పోలిక సులభంగా తోస్తుంది. కన్నడంలో "ఏళు" అనే పదానికి లేచుట అనే అర్థంతో పాటు ఏడు అనే సంఖ్య కూడా అర్థమే.

ఈ ప్రాంతంలో "లే" అనే ధాతువుతో ముడిపడిన ఊరు లేపాక్షి. రావణునితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన జటాయువును చూచి శ్రీరాముడు "లే, పక్షీ" అన్నాడనీ, అందువలన ఊరికి ఆ పేరు వచ్చినదనీ స్థలపురాణం చెబుతున్నది. ఆంగ్లంలో ఈ మాటను "రైజ్, బర్డ్" అని అనువదించవచ్చు. "గెట్ అప్" అన్నా అర్థం అదే గాని, అది ఇంటిలో వాడే మాట. రైజ్ గంభీరమైన సందర్భాలకు తగినది.

రూపాలు, ఉచ్చారణ

రైజ్ అపక్రమ క్రియ. దీని రూపాలు ఇవి:

* వర్తమానం: రైజ్, ప్రథమ పురుష ఏకవచనంలో రైజెస్
* భూతకాలం: రోజ్
* భూత అసమాపక రూపం: రిజన్
* వర్తమాన అసమాపక రూపం: రైజింగ్

రెయిజ్ సక్రమ క్రియ. దాని భూతకాలం, భూత అసమాపక రూపం రెండూ రెయిజ్డ్. "రైజ్డ్" అనే రూపం ఆంగ్లంలో లేదు.

రైజ్‌లోని చివరి ధ్వని తెలుగు అక్షరమాలలో సరిగా లేదు. "జొన్న" అనే మాటలో పలికే దంత్య జకారం దానికి కొంత దగ్గరగా ఉంటుంది. ఆ ధ్వనిని సకారంగా పలికితే పదం "రైస్", అనగా బియ్యం లేదా అన్నం అవుతుంది. భూతకాల రూపమైన రోజ్‌కు, గులాబీ పువ్వు పేరుకు అక్షరక్రమంలో గాని ఉచ్చారణలో గాని భేదం లేదు. వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి. రెయిజ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దానితో సమానంగా పలికే మరొక క్రియకు నేలమట్టం చేయుట అని అర్థం. చెవికి ఒకటిగా వినిపించే ఈ రెండు క్రియల అర్థాలు పరస్పర విరుద్ధాలు. వ్రాతలో మాత్రమే తేడా తెలుస్తుంది.

అర్థాలు, తెలుగు సమానార్థకాలు

రైజ్ ఏ కర్తతో కలిసి వచ్చినదో చూచి తెలుగు క్రియను ఎన్నుకోవాలి.

* సూర్యుడు, చంద్రుడు: ఉదయించు, పొడుచు. పొద్దు పొడిచినది అంటే సూర్యోదయమైనది అని అర్థం. "పొద్దెక్కినది" అంటే సూర్యుడు ఉదయించి చాలాసేపయినది అని అర్థం కనుక దానిని ఆంగ్లంలో చెప్పడానికి రైజ్ ఒక్కటే చాలదు.
* మనిషి: లేచు. తెలుగులో ఎదుటివారిని బట్టి "లే", "లెయ్యి", "లేవండి" అనే రూపాలు మారతాయి. ఆంగ్లంలో అందరికీ ఒకటే రూపం.
* ధర, జీతం, ఉష్ణోగ్రత: పెరుగు, హెచ్చు.
* పాలు, పిండి, నది: పొంగు. దోసెల పిండి పులిసి పొంగుటకు, రొట్టె పిండి ఉబ్బుటకు రైజ్ వాడతారు.
* దుమ్ము, పొగ: దుమ్ముకు రేగు, పొగకు లేచు.
* బావిలోని నీరు: ఊరు, పెరుగు.
* కొండ, గోపురం: కదలిక లేకపోయినా ఎత్తుగా నిలిచి ఉండుటకు రైజ్ వాడతారు. చదునైన నేలపై ఉన్నట్లుండి కనిపించే పెనుకొండ కొండను వర్ణించుటకు ఈ క్రియ సరిపోతుంది.
* మనిషి స్థాయి: ఎదుగు, పైకి వచ్చు. అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో జన్మించిన నీలం సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, 1977లో భారత రాష్ట్రపతిగా ఎదిగాడు. ఇక్కడి "ఎదిగాడు"కు సమానమైన ఆంగ్ల క్రియ రోజ్.
* ప్రజలు: తిరగబడు, తిరుగుబాటు చేయు. రాయలసీమలో 1846-47లో ఈస్టిండియా కంపెనీపై ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చేసిన తిరుగుబాటును చెప్పుటకు ఈ క్రియను వాడవచ్చు. దాని నామరూపం "అప్‌రైజింగ్".
* మరణించినవారు: పునరుత్థానం చెందు, తిరిగి లేచు.
* చట్టసభ, న్యాయస్థానం: ముగియు. "లోక్‌సభ రోజ్" అని ఆంగ్ల పత్రికలో ఉంటే సభ నాటికి ముగిసినదని అర్థం. సభ్యులు గౌరవార్థం లేచి నిలబడ్డారని కాదు. భారతదేశ న్యాయస్థానాలు స్వల్ప నేరాలకు కొన్నిసార్లు విధించే "కోర్టు ముగిసే వరకు నిర్బంధం" అనే శిక్షను ఆంగ్లంలో చెప్పుటకు కూడా ఇదే క్రియ నుండి ఏర్పడిన రైజింగ్ అనే మాటను వాడతారు.

నది విషయంలో రెండు అర్థాలు

నదికి రైజ్ చేర్చినపుడు రెండు వేరు వేరు అర్థాలు వస్తాయి. మొదటిది పుట్టుట. "పెన్నా నది కర్ణాటకలోని నందికొండలలో పుట్టినది" అనే వాక్యంలో ఆంగ్లంలో రైజెస్ వాడతారు. రెండవది వరద నీటి మట్టం పెరుగుట. పెన్నా ప్రతిరోజూ నందికొండలలో "రైజ్" అవుతూనే ఉంటుంది. అనంతపురంలో మాత్రం అరుదుగా "రైజ్" అవుతుంది. మొదటి వాక్యం భూగోళశాస్త్రం, రెండవది వాతావరణం. సాధారణంగా స్థలం పేరు ఉండి క్రియ సామాన్య వర్తమానంలో ఉంటే మొదటి అర్థం, రైజింగ్ లేదా రోజ్ రూపంలో ఉంటే రెండవ అర్థం అని గ్రహించవచ్చు.

కరువు సీమలోనూ రెండవ అర్థంతో పని పడుతుంది. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు చిత్రావతి, పెన్నా నదులు పొంగి పొర్లాయి. చెరువు నీరు పెరిగి కట్ట తెగే ప్రమాదం ఏర్పడినపుడు ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు సంబంధించినది. కట్టమంచి రామలింగారెడ్డి ఈ కథను "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రచించాడు.

రైజ్, రెయిజ్ భేదం

ఈ రెండు క్రియల మధ్య భేదం తెలుగువారికి కొత్తది కాదు. లేచు - లేపు, పెరుగు - పెంచు, ఎక్కు - ఎక్కించు, పొంగు - పొంగించు అనే జంటలలో ఉన్న భేదమే అది. వాక్యంలో "దేనిని?" అనే ప్రశ్నకు సమాధానం ఉంటే రెయిజ్, లేకపోతే రైజ్ వాడాలి. ధర పెరిగినది అనుటకు రైజ్, వ్యాపారి ధరను పెంచాడు అనుటకు రెయిజ్.

అయినా విద్యార్థులు పొరబడుటకు ఒక కారణం ఉన్నది. వ్యవహారంలో "రేట్లు రైజ్ అయ్యాయి", "రేట్లు రైజ్ చేశారు" అని ఒకే ఆంగ్ల పదానికి తెలుగు క్రియలైన "అవు", "చేయు" చేర్చి పని జరుపుకుంటారు. అకర్మక, సకర్మక భేదాన్ని తెలుగు క్రియలే మోస్తాయి కనుక రెయిజ్‌తో అవసరం రాదు. అదే అలవాటుతో ఆంగ్ల వాక్యం వ్రాసినపుడు "ప్రభుత్వం ధరను రోజ్" అనే రీతి దోషం దొర్లుతుంది.

ఈ భేదం వ్యాకరణంతో ఆగిపోదు. "పెరిగినది" అన్నపుడు చేసినవారి ప్రసక్తి లేదు. "పెంచారు" అన్నపుడు ఎవరు అనే ప్రశ్న పుడుతుంది. వేరుశనగకు కనీస మద్దతు ధరను ప్రకటించేది కేంద్ర ప్రభుత్వం. కనుక ఆ ధరను రెయిజ్ చేస్తారు. మార్కెట్ యార్డులో పలికే ధర సరుకు రాకను, గిరాకీని బట్టి రైజ్ అవుతుంది లేదా పడిపోతుంది. "మద్దతు ధరను పెంచారు గాని మార్కెట్ ధర పెరగలేదు" అనే వాక్యాన్ని ఆంగ్లంలో సరిగా చెప్పాలంటే రెండు క్రియలూ కావాలి. ఒకదాని బదులు మరొకటి వ్రాస్తే రైతు చెప్పదలచిన విషయమే మారిపోతుంది.

నీటి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. వాన కురిసి బావిలో నీరు పెరిగితే రైజ్. ఎద్దులను కట్టి కపిలతో తోడినా, ఏతంతో ఎత్తినా, మోటారుతో పైకి తెచ్చినా అది రెయిజ్ లేదా లిఫ్ట్. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని మల్యాల వద్ద పంపులతో ఎత్తి, దశలవారీగా అనంతపురం వైపు పంపే హంద్రీ-నీవా సుజల స్రవంతి ఈ రెండవ రకానికి చెందినది. దీనిని తెలుగులో ఎత్తిపోతల పథకం అంటారు. పీఠభూమి జలాశయం కంటే ఎత్తున ఉండుట చేత ఆ నీరు తనంతట తాను ఇక్కడికి రాలేదు.

రెయిజ్‌కు ఇతర అర్థాలు కూడా కలవు. పంట పండించుట, పిల్లలను పెంచుట, చేయి ఎత్తుట, ప్రశ్న లేవనెత్తుట, నిధులు సేకరించుట, అప్పు తెచ్చుట - వీటన్నిటికీ రెయిజ్ వాడతారు. ఈ రెండింటికీ తోడు "అరైజ్" అనే మూడవ క్రియ ఉన్నది. దాని రూపాలు అరోజ్, అరిజన్. సమస్య, వివాదం, సందేహం వంటివి తలెత్తుటకు దీనిని వాడతారు.

నీటిమట్టం నివేదికలలో రైజ్

భూగర్భజల నివేదికలలో నీటిమట్టాన్ని నేల నుండి ఎన్ని మీటర్ల లోతున నీరు ఉన్నదో కొలిచి చెబుతారు. సాధారణంగా వానలకు ముందు మే నెలలోను, వానల తరువాత నవంబరులోను తీసిన కొలతలను పోల్చి, నీరు పెరిగితే రైజ్ అనీ, తగ్గితే ఫాల్ అనీ వ్రాస్తారు. ఇక్కడ అంకెలు అర్థానికి ఎదురుగా నడుస్తాయి. ఒక బావిలో మే నెలలో నీరు 20 మీటర్ల లోతున, నవంబరులో 14 మీటర్ల లోతున ఉన్నదనుకుందాం. అంకె 20 నుండి 14కు తగ్గినది గాని నీరు 6 మీటర్లు పైకి వచ్చినది. నివేదికలో దీనిని 6 మీటర్ల రైజ్ అని చూపుతారు. దీనికి విరుద్ధంగా "లోతు పెరిగినది" అని ఉంటే నీరు అడుగంటుతున్నదని అర్థం. కనుక రైజ్ అనే మాట కనిపించగానే అది నీటిమట్టానికి చెందినదా, లోతుకు చెందినదా అని చూడవలెను.

జలాశయాల పద్ధతి వేరు. వాటి మట్టాన్ని సముద్రమట్టం నుండి పైకి కొలుస్తారు. శ్రీశైలం జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ అంకె పెరిగితే నీరు కూడా పెరిగినట్లే. ఒకే దినపత్రికలో ఒకే రోజు ఈ రెండు పద్ధతుల లెక్కలూ రావచ్చు.

బోరుబావి విషయంలో తెలుగు నుడికారం ఆంగ్లానికి మరింత దూరం. అనంతపురం పీఠభూమి ఎక్కువగా గట్టి గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడినది. నీరు శిలల పగుళ్ళలోను, శిథిలమైన పైపొరలోను మాత్రమే నిలుస్తుంది. బోరు వేయునపుడు పగులు తగిలి నీరు వస్తే రైతులు "నీళ్ళు పడ్డాయి" అంటారు. లోపల ఒత్తిడి ఉంటే ఆ నీరు తగిలిన చోటు కంటే పైకి వచ్చి నిలుస్తుంది. ఆంగ్ల శాస్త్ర గ్రంథాలు దీనికి రైజ్ అనే క్రియనే వాడతాయి. పైకి వచ్చిన నీటిని తెలుగువారు "పడినది" అని చెప్పుట గమనింపదగినది. ఇక్కడ "పడు" అనే క్రియకు క్రిందికి పోవుట అని కాక దొరుకుట, లభించుట అని అర్థం. ఈ మాటను ఆంగ్లంలో "ఫెల్" అని వ్రాస్తే నీటిమట్టం తగ్గినదనే వ్యతిరేకార్థం వస్తుంది.

బై, టు, ఫ్రమ్

పెరుగుదలను అంకెలతో చెప్పునపుడు రైజ్ తరువాత వచ్చే చిన్న పదం ముఖ్యమైనది. "బై" పెరిగిన తేడాను, "టు" చేరిన స్థాయిని, "ఫ్రమ్" మొదలైన స్థాయిని తెలుపుతుంది. వేసవిలో అనంతపురంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. ఉష్ణోగ్రత 36 నుండి 40కి చేరితే "రోజ్ టు 40" లేదా "రోజ్ బై 4" అనవలెను. "రోజ్ బై 40" అంటే 40 డిగ్రీలు అదనంగా పెరిగినదని అర్థం వస్తుంది. తెలుగులో "40కి పెరిగినది", "4 డిగ్రీలు పెరిగినది" అనే వాక్యాలలో "కి" చేసే పనిని ఆంగ్లంలో "టు" చేస్తుంది.

జాతీయాలు

* రైజ్ టు ది అకేషన్: అవసరానికి తగినట్లు సామర్థ్యం చూపుట.
* గివ్ రైజ్ టు: కారణమగుట. ఇక్కడ రైజ్ నామవాచకం.
* ఆన్ ది రైజ్: పెరుగుతూ ఉండుట.
* రైజ్ అండ్ షైన్: నిద్ర లేపుతూ హుషారుగా అనే మాట.
* ఆల్ రైజ్: న్యాయమూర్తి ప్రవేశించినపుడు అందరూ లేచి నిలబడవలెనని చేసే ప్రకటన.

జీతం పెంపును బ్రిటిష్ ఆంగ్లంలో రైజ్ అనీ, అమెరికా ఆంగ్లంలో రెయిజ్ అనీ అంటారు. రెండూ ఒప్పే.

తెలుగు సినిమాలలో

నామవాచకంగా రైజ్ తెలుగువారికి సినిమా పేర్ల ద్వారా కూడా పరిచితమైనది. రాయలసీమ ప్రాంతపు ఎర్రచందనం అక్రమ రవాణా నేపథ్యంగా 2021లో విడుదలైన "పుష్ప: ది రైజ్" పేరులో దీనికి ఎదుగుదల అని అర్థం. 2022లో విడుదలైన "ఆర్ఆర్ఆర్" పేరును తెలుగులో "రౌద్రం రణం రుధిరం" అనీ, ఆంగ్లంలో "రైజ్ రోర్ రివోల్ట్" అనీ విస్తరించారు. అక్కడ రైజ్ తిరగబడుట అనే అర్థానికి దగ్గరగా ఉన్నది.

సామాన్య దోషాలు

* రైజ్‌కు కర్మను చేర్చుట. చేయి ఎత్తుటకు రెయిజ్ వాడాలి.
* భూతకాలంలో "రైజ్డ్" అని వ్రాయుట. సరియైన రూపం రోజ్.
* "హాజ్", "హావ్" తరువాత రోజ్ వాడుట. అక్కడ రిజన్ ఉండాలి.
* రైజ్ తరువాత "అప్" ప్రతిసారీ చేర్చుట. రైజ్‌లోనే పైకి అనే అర్థం ఉన్నది. తిరగబడుట వంటి కొన్ని అర్థాలలో మాత్రమే "అప్" సహజం.
* నీటి లోతు పెరుగుటను నీరు పెరుగుటగా అనువదించుట.

ఇవి కూడా చూడండి

* అకర్మక క్రియ
* ప్రేరణార్థక క్రియ
* అనంతపురం జిల్లా
* లేపాక్షి
* పెన్నా నది
* హంద్రీ-నీవా సుజల స్రవంతి